పేరు లేని సంచి

ప్రొద్దుటూరు,
11 మార్చి 1958.

పులివెందులలో అన్న ఇంట ఉన్న నా దీనమ్మకు,

జకరయ్య ప్రేమతో రాసే ఉత్తరం. మన పెండ్లయి పదకొండేండ్లయింది. నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. నువ్వెప్పుడూ నన్ను విడిచి పోలేదు కాబట్టి రాసే పని పడలేదు. నువ్వు పోయి ఆరు రోజులైంది. నాకు మాటలు రావని నీకు తెలుసు. రాసేటప్పుడు కొంచెం వస్తాయి. అందుకే రాస్తున్నాను. పూర్తిగా చదివిన తర్వాత చించేసినా సరే.

పోయే రోజు మూట కట్టుకుంటూ నన్ను ఒక్కటే అడిగావు. "నోరు జారిందా మామా?" అన్నావు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం అబద్ధం. నా నోరు జారలేదు దీనమ్మా. ఆ ఆదివారం మందిరంలో సీతాలక్ష్మి పేరు నేను కావాలనే చదివాను.

ఎందుకు చదివానో చెప్పాలంటే వెనక్కి పోవాలి. నేను రోజుకు నాలుగు ముక్కలు రాసుకునే పుస్తకం నీకు తెలుసు. ఎండ ఎంత, మిల్లుకు ఎన్ని బండ్ల పత్తి వచ్చింది, ఎవరు కనపడ్డారు, అంతే రాస్తాను. నిన్న దాన్ని మొదటి నుంచి తిరగేశాను. పోయిన సంవత్సరం జులై 18, గురువారం నాటి పుటలో ఇట్లా ఉంది: "వాన లేదు. బండ్లు రాలేదు. దీనమ్మ నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు మన ఇంటిది కాదు." ఆ తర్వాత ప్రతి గురువారం అదే రాశాను. "దీనమ్మ నవ్వింది. నాతో కాదు." బండ్ల లెక్క కూడా కొన్ని వారాలు మరచిపోయాను. అది మాత్రం మరవలేదు.

నువ్వు ఆ ఇంటికి ఎందుకు పోయావో నాకు తెలుసు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా ఉన్నప్పుడు కాన్పు పని నేర్చుకున్న చేయి నీది. పోయిన ఏడాది ఏప్రిల్‌లో బట్టల అంగడి రామచంద్రయ్య శెట్టి భార్య సీతాలక్ష్మికి కాన్పు కష్టమైతే, శెట్టి తల్లి జానకమ్మే బండి పంపి నిన్ను పిలిపించింది. బిడ్డ మూడో రోజు పోయింది. బాలింతకు నూనె రాయడానికి గురువారం గురువారం రమ్మన్నారు. పెరటి వాకిలి గుండా పోయి, పశువుల కొట్టం దగ్గర కూర్చొని, పెరటి వాకిలి గుండానే వచ్చేదానివి. నెల తర్వాత నూనె పని అయిపోయింది. గురువారాలు మాత్రం అయిపోలేదు.

ఇంటికొచ్చి చెప్పేదానివి. సీతాలక్ష్మి ఇట్లా అంది, సీతాలక్ష్మి అట్లా అడిగింది, ఐదు రొట్టెలు ఐదువేల మందికి ఎట్లా చాలినాయంటే నేనేం చెప్పాల మామా అని. నేను ఊ అనేవాణ్ని. లోపల మాత్రం, నన్నెప్పుడైనా ఏమైనా అడిగావా అని ఉండేది. నేను చెప్పేవాణ్నో కాదో వేరే సంగతి. నువ్వు అడగలేదు.

ఇంకొక మంట కూడా ఉంది. నేను పుట్టు క్రైస్తవుణ్ని. తాత నాటి నుంచి. ముప్పయ్యెనిమిదేండ్లలో ఒక్క మనిషికి నా ప్రభువును గురించి చెప్పలేదు. ఇప్పుడు ఊరి గాలి నీకు తెలుసు. బజారులో కీర్తన పాడితే పోయిన ఏడాది లాంతరు పగలగొట్టారు. బడిలో క్రైస్తవులని రాసుకున్న పిల్లలకు రాయితీ లేదని మనవాళ్లే కొందరు రికార్డులో వేరే పేర్లు వేయించుకుంటున్నారు. మా మిల్లు యజమాని గేటు దగ్గర నలుగురిలో, "జకరయ్యా, తూకం రాయి. సువార్త రాయొద్దు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు పుస్తకంలో ఏమీ రాయలేదు. అట్లాంటి నా ఇంట్లో నుంచి, అదే ఊళ్లో, నువ్వు పెరటి వాకిలి దాటిపోయి, ఎవరూ రానివ్వని చోట కూర్చొని, నవ్వుతూ ఆ పని చేసి వచ్చావు. నీ మీద మండింది. ఆమె మీద మండింది. ఏది ఎక్కువో ఇప్పటికీ నాకు తెలియదు.

అక్టోబరులో మన ఇంటి డబ్బాలో పత్తిగింజలు తగ్గాయి.

ఆ గింజలంటే నాకేమిటో నీకు తెలియకపోవచ్చు. నాకు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. కిరసనాయిలు డబ్బాల మీద, పత్తి బేళ్ల మీద ఉన్న రాతలు చూసి, వాళ్లనూ వీళ్లనూ అడిగి కూడబలుక్కున్నాను. మన పెండ్లయిన కొత్తలో నీకు నేర్పాలనుకున్నప్పుడు పలక కొనే స్థితి కూడా లేదు. మిల్లు నుంచి జేబులో గింజలు తెచ్చి, అలికిన నేల మీద అక్షరాలుగా పేర్చాను. తెలుగు అక్షరం గుండ్రన కదా, గింజలతో బాగా కుదిరేది. ఎదురెదురుగా కింద కూర్చొనేవాళ్లం. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మూగవాడైపోయి పలక అడిగి రాసిన యాజకుడి పేరు కూడబలుక్కొని చదివి, నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. "ఆ మూగాయన పేరే పెట్టినారు మామా నీకు! తెలిసే పెట్టినారు!" అన్నావు. ఆ నవ్వు మన ఇంటిది. నా జీవితంలో నేను సొంతంగా చేసిన పని అదొక్కటే.

ఆ గురువారం మిల్లుకు సెలవు చెప్పి నీ వెనక వచ్చాను. శెట్టి ఇంటి వెనక సందులో గోడకు ఆనుకుని నిలబడ్డాను. అవతల నీ గొంతు వినపడింది. "ఈడ ఇంకో గింజ పెట్టమ్మా, తోక కొంచెం పైకి. ఆ! అదే 'సీ'. నీ పేరులో మొదటిది." ఆమె నవ్వింది. నువ్వు నవ్వావు. నా గింజలు, నా పద్ధతి, నేను చెప్పిన మాటలే. గోడకు అవతల నేను లేను. పరాయి మగవాడి గొంతు వినపడినా అంత మండేది కాదేమో.

ఇక సంచి సంగతి. మన ఆడవాళ్లంతా పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ప్రార్థన చేసి ఒక గుప్పెడు గింజలు కుండలో వేస్తారు. ఆదివారం తెచ్చి మందిరంలో పోస్తారు. నేను పడితో కొలిచి, ఎవరింటివి ఎన్ని జొన్నలు, ఎన్ని కొర్రలు అని పేరు పేరునా చదువుతాను. దిక్కులేని ముసలివాళ్లకు పంచుతాం. జనవరిలో ఒక చిన్న సంచి కనపడింది. ముప్పావు పడి సన్నబియ్యం. మనలో సన్నబియ్యం తినేవాళ్లెవరు? సంచి కుట్టు చూశాను. నీ కుట్టే. మడి కట్టుకున్న వంటింట్లో ఆమె గుప్పెడు తీసి దాచి నీకు ఇస్తోందని అర్థమైంది. ఏడు ఆదివారాలు "పేరు లేని సంచి" అని రాసి, అట్లాగే చదివాను. సంచిని చూసినప్పుడల్లా నువ్వు నా దగ్గర ఒక మాట దాచావని కనపడేది.

ఎనిమిదో ఆదివారం, "సన్నబియ్యం, ముప్పావు పడి, రామచంద్రయ్య శెట్టి గారింటి సీతాలక్ష్మి" అని చదివాను. లెక్కలో పేరు లేని గీత ఉండకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మీ గురువారాలు ఆగిపోవాలని చదివాను.

శెట్టి అంగడి బండి తోలే పాపయ్య మందిరంలో ఉన్నాడు. అతనికి కల్మషం లేదు. సంతోషం పట్టలేక మరునాడు అంగడిలో చెప్పాడు. తర్వాతిది నీ కళ్లముందే జరిగింది. బియ్యపు డబ్బా కింద పత్తిగింజల మూట దొరికిందనీ, మంత్రించిన గింజలనీ, చేతబడి అనీ పదిమంది మన వీధిలోకి వచ్చారు. నువ్వు వాకిట్లో నిలబడి తిట్లన్నీ తిన్నావు. నేను నీ వెనక నిలబడ్డాను. మంగళవారం సీతాలక్ష్మిని మైదుకూరు పుట్టింటికి పంపేశారు. బుధవారం నువ్వు పోయావు.

ఇదీ జరిగింది. నన్ను క్షమించమని అడగడానికి ఇంకా నోరు రాలేదు.

నీ
జకరయ్య


ప్రొద్దుటూరు,
18 మార్చి 1958.

దీనమ్మా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. అడగను. రెండు పనులు చేశాను, అవి నీకు తెలియాలి.

మొన్న ఆదివారం గింజలు కొలిచిన తర్వాత నిలబడ్డాను. చెప్పాలనుకున్నది గొంతు దాటలేదు. అందరూ చూస్తున్నారు. చివరికి గింజల పుస్తకంలోనే రాసి పాస్టరు గారి చేతికిచ్చాను. ఆయన చదివాడు. "పేరు లేని సంచి ఈ వారం రాలేదు. జకరయ్య ఓర్వలేనితనం వల్ల రాలేదు. నోరు జారి కాదు, తెలిసే చదివాడు." పాపయ్య ఒక్కడే బయటికి వచ్చినాక, "నేనే చెడగొట్టినాననుకుని రెండు వారాల నుంచి సరిగా కూడు తినలేదన్నా. నువ్వా!" అన్నాడు. నా ముఖం మీద ఉమ్మినా అంత బాధ ఉండేది కాదు.

నిన్న మధ్యాహ్నం శెట్టి ఇంటికి పోయాను. పెరటి వాకిలికి కాదు, వీధి వాకిలికి. జానకమ్మ అరుగు మీద చాటలో బియ్యం ఏరుతోంది. నేను కింద వీధిలో నిలబడ్డాను.

"ఏమప్పా, పత్తి మిల్లులో రాసుకునేటోడివి గదా నువ్వు?" అంది.

"అవునమ్మా."

"నోరు లేనోడు అంటాన్యారే నిన్ను? మీ గుళ్లో బాగానే లేచిందంట నోరు."

"తప్పు నాదమ్మా. మీ కోడలిది కాదు, నా భార్యది కాదు. బియ్యం పేరు నేను కావాలని చదివినా."

"ఎందుకు?"

"కడుపుమంట."

ఒక రాయి ఏరి వీధిలో పారేసింది. నా కాళ్ల దగ్గర పడింది.

"నీకొక్కనికే ఉందా కడుపు? బిడ్డ పోయినాక నా కోడలు మూడు నెలలు నోరు తెరవల్యా. నేను తినిపిస్తే తినె, పండుకోమంటే పండుకునె. నీ పెండ్లాము కథలు చెప్తే, ఆ గింజలు పేరిస్తే కిలకిలా నవ్వె. కొట్టం ఎనకాల నిలబడి వింటాంటి. నాకు మండల్యా అనుకున్నావా? ఇల్లు నాది, కూడు నాది, నవ్వేమో ఆడ! అయినా గమ్మునుంటి. ఎట్లనో ఒకట్ల నవ్వుతాంది గదా అని."

నేను తల వంచుకున్నాను.

"బియ్యం తీస్తాందని నాకు తెలీదనుకున్యారా? డబ్బాలో గీత పెట్టుకుండేదాన్ని నేను. తగ్గితే నేనే పోస్తాంటి, నా కొడుకు కంట పడకుండా. మీ దేవుడు నాకొద్దప్పా. నా సామి నాకుండాడు. కానీ నువ్వు చేసిన పని మీ దేవుడు చెప్పినాడా నీకు?"

"లేదమ్మా."

"చేతబడి అని నా కొడుకు ఎగిరితే, ఆవుకు పెట్టే గింజలురా, నేనే మూట కట్టి మరిచిపోయినా అంటి. పోలీసులకాడికి పోతానన్నోడు ఆగిపాయ. వాన్ని కన్నాక వానితో నేనాడిన మొదటి అబద్ధం అది. ఎవురికోసం ఆడినా? దాని నవ్వు కోసం. నువ్వేం జేసినావు?"

ఆమె చాట పక్కన పెట్టి, "నా కొడుకు వచ్చే యాళైంది. పో. ఎండలో నిలబడకు" అంది. వీధి మలుపు దాకా వచ్చినాక మళ్లీ పిలిచింది. "ఆయమ్మను పిలిపించుకో అప్పా. ఈ వీధిలో ఇద్దరు నెలలు నిండినోళ్లు ఉండారు. ఎవురేమన్నా నేను చూసుకుంటా."

దీనమ్మా, ఆమెకూ నాకూ ఒకే మంట. ఆమె మన ప్రార్థన ఎరగదు. డబ్బాలో తగ్గిన బియ్యం నింపింది. నేను పదకొండేండ్లుగా గింజల పుస్తకం రాస్తున్నవాణ్ని. ఇంతకు మించి రాయలేను. ఈ ఇంట్లో నువ్వు లేకుండా ఉండటం న్యాయమే అనిపిస్తోంది. నువ్వు అక్కడే ఉండిపోతానన్నా మీ కొండయ్య అన్నతో ఏమీ అనను.

జకరయ్య


పులివెందుల,
25 మార్చి 1958.

మామకు దీనమ్మ వందనములు.

నీ రెండు ఉత్తరాలూ వచ్చాయి. కొండయ్య అన్న చదువుతానంటే ఇవ్వలేదు. నా ఉత్తరాలు నేను చదువుకోగలనని చెప్పాను. వదిన మూతి తిప్పుకుంది.

ముందు ఇది విను. నువ్వు కావాలనే చదివావని నాకు ఆ ఆదివారమే తెలుసు. పదకొండేండ్లుగా చూస్తున్నాను, నువ్వు గీత కింద వేలు పెట్టకుండా ఒక్క పేరు కూడా చదవవు. ఆ పేరు చదివేటప్పుడు నీ వేలు పుస్తకం మీద లేదు. నువ్వు నన్ను చూస్తున్నావు. నోరు జారిందా అని నేను అడిగింది తెలియక కాదు. నిజం చెప్పడానికి నీకొక సందు ఇద్దామని. నువ్వు తల ఊపావు. నేను వచ్చేసింది చదివినందుకు కాదు, తల ఊపినందుకు. పదకొండేండ్లు మాట్లాడకుండా ఉన్న మనిషితో ఉండగలిగాను. అబద్ధమాడే మనిషితో ఉండటం నాకు రాదు.

నా తప్పు కూడా ఉంది. సంచి సంగతి నీకు చెప్పాల్సింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె నా చేత ఒట్టు వేయించుకుంది. మొగుడికి కూడానా అని అడిగాను. "మొగుడికే ముందు చెప్పొద్దు" అంది. ఆమె మొగుణ్ని తలుచుకుని అట్లా అంది పాపం. నేను నిన్నూ ఆ లెక్కలోనే వేశాను.

నిన్న నాకు ఇంకొక ఉత్తరం వచ్చింది. పాపయ్య బట్టల మూటలు వేసుకుని మైదుకూరు పోయినప్పుడు సీతాలక్ష్మి అతని చేతికిచ్చి పోస్టు చేయించింది. ఆమె పుట్టినప్పటి నుంచి రాసిన మొదటి ఉత్తరం. అక్షరాలు ఒక్కొక్కటీ శనగకాయంత ఉన్నాయి. గింజ పక్కన గింజ పెట్టినట్టు రాసింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు నీకు ఎత్తి రాస్తున్నాను.

"దీనమ్మకు. నేనే రాస్తాండా. ఎవురూ రాసి పెట్టలేదు. నేను బాగుండా. ఈడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పూజకు కూర్చోమంటే కూర్చుంటాండా. మనసు మాత్రం నాది. ఈడా ఒక ఆవు ఉంది. పొద్దున కొట్టం ఊడ్చి, ఆవు గింజలు తీసుకుని, పరలోకమందున్న మా తండ్రీ అని నేల మీద పేరుస్తా. పేర్చి చూసుకుంటా. మా అమ్మ అడుగుల చప్పుడు కాగానే ఎత్తి ఆవుకు పెడతా. రోజూ ప్రార్థన ఆవు తినేస్తాది. నవ్వొస్తాది. నా పేరు మీ గుళ్లో గట్టిగా చదివినారని పాపయ్య చెప్పె. మొదట భయమేసె. తర్వాత ఏడ్చినా. నా పెండ్లి పత్రికలో తప్ప నా పేరు యాడా ఎవురూ చదవలేదు. దేవుని ముందర చదివినారు. కోపంతో చదివినా దేవుడు విన్నాడు గదా. మీ ఆయనకు నా మీద మంట అంట. ఆయనకు చెప్పు, నాకు మొదటి నుంచీ నీ మీద మంట. పెండ్లాము కోసం జేబులో గింజలు తెచ్చి, కింద కూర్చొని, ఒక్కొక్క అచ్చరం పేర్చిన మగోడు ఉన్నాడని నువ్వు చెప్పినావు. ఆ పొద్దు నాకు నిద్ర పట్టలా. ఏసుసామి శిష్యుల కాళ్లు కడిగినాడని నువ్వు చెప్తే అంతవరకు కథ అనుకున్నా. గురువు యాడన్నా కింద కూర్చుంటాడా అనుకున్నా. నీ మొగుడు కూర్చున్నాడని తెలిసినాక, అయ్యుంటాది అనుకున్నా. నమ్మకం ఆడ మొదలైంది. ఇంక ఆవు పిలుస్తాంది. సీతాలక్ష్మి."

చదివావా మామా? ముప్పయ్యెనిమిదేండ్లలో ఒక్క మనిషికీ చెప్పలేదని రాశావే. గోడకు అవతల నువ్వు లేవనుకున్నావే. ఆ పెరట్లో ప్రతి గురువారం మేము మాట్లాడుకున్నది సగం నీ గురించే. నేను నవ్వింది నీ మాటలు చెప్పి. నువ్వు వెనక సందులో నిలబడి నీ మీదే కుళ్లుకున్నావు.

దీన్ని చదివి నీ తప్పు తీరిపోయిందనుకోకు. ఆమె క్షమించింది. ఆమె మనసు పెద్దది. జానకమ్మ నిన్ను ఎండలో నిలబడకు అంది, ఆమె కూడా పెద్దదే. నేను ఇంకా సగంలో ఉన్నాను. ఆ ఆడపిల్ల ఆవుల కొట్టంలో దొంగలాగా ప్రార్థన చేసుకుంటోంది, మనం మందిరంలో కూర్చొని చేస్తున్నాం. ఆమె తిరిగి అత్తింటికి వచ్చేదాకా మిగతా సగం నా దగ్గరే ఉంటుంది. నాతో వాదించకు.

వచ్చే వారం గురువారం, మంచి శుక్రవారానికి ముందు రోజు, పొద్దున బస్సుకు వస్తాను. స్టాండుకు రా. ఇంటి దాకా నడిచేటప్పుడు నువ్వు మాట్లాడాలి. ఎండ సంగతి, బండ్ల సంగతి కాదు. నేను ఊ అంటాను. ముందు జానకమ్మ వీధిలో నెలలు నిండిన ఆ ఇద్దరినీ చూసి, తర్వాతే ఇంటికి పోదాం. వాకిలి దాకా నువ్వూ రావాలి.

ఇంకొకటి. గింజల పుస్తకంలో ఆ సంచి గీత కొట్టెయ్యొద్దు. ప్రతి ఆదివారం సంచి వస్తుంది. ఆమె గుప్పెడు నేను వేస్తాను, సన్నబియ్యం కాదు, మన కొర్రలే. నువ్వు వేలు పెట్టి, పేరు లేని సంచి అని చదువు. నన్ను చూడొద్దు. పుస్తకం చూసి చదువు.

నీ
దీనమ్మ